ఎర్ర త్రికోణం: చదువు రానివాళ్ల కోసం గీసిన లోగో

ప్రభుత్వాసుపత్రి గోడ మీద తలకిందులుగా ఉండే ఎర్ర త్రికోణం ఎప్పుడైనా చూశారా? మీ అమ్మమ్మని అడగండి, "కుటుంబ నియంత్రణ గుర్తు కదరా" అని ఠక్కున చెప్పేస్తుంది. ఈరోజు దాని కథ చూద్దాం.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైంది. కానీ 1961 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత సుమారు 28 శాతమే. అంటే పోస్టర్ మీద ఎంత బాగా రాసినా, పది మందిలో ఏడుగురు చదవలేరు. పైగా మనకి ఎన్ని భాషలు, ఎన్ని లిపులు!

1960ల రెండో సగంలో ఈ ప్రచారం బాధ్యత చూసిన కేంద్ర ప్రభుత్వ అధికారి దీప్ త్యాగి. ఉపన్యాసాలు, లెక్కలు అన్నీ పక్కన పెట్టేసి మూడే ఉంచారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఇలా నాలుగు ముఖాలు. ఇద్దరో ముగ్గురో పిల్లలు చాలు అనే ఒక్క మాట. ఒక ఎర్ర త్రికోణం.

త్రికోణమే ఎందుకు పనికొచ్చిందో ఆలోచించండి. మూడు గీతలు, ఒకే రంగు. ఊళ్లో బోర్డులు రాసే పెయింటర్‌కి ఒక బ్రష్, కాస్త ఎర్ర రంగు ఉంటే చాలు. కొంచెం వంకరగా గీసినా గుర్తు మారదు. గోడ మీదైనా, బస్సు వెనకైనా, దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. మన ఫోన్‌లో యాప్ ఐకాన్‌కి కావాల్సింది కూడా ఇదే కదా!

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. ఎమర్జెన్సీ వచ్చింది. అధికారులకి టార్గెట్లు పెట్టారు. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. చాలాచోట్ల, ముఖ్యంగా ఉత్తరాదిలో, బలవంతంగా చేశారు. అంతకుముందు ఆసుపత్రికి దారి చూపించిన గుర్తే ఇప్పుడు జనాన్ని భయపెట్టింది. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోయింది. కొత్త ప్రభుత్వం "కుటుంబ నియంత్రణ" అనే పేరునే తీసేసి "కుటుంబ సంక్షేమం" అని పెట్టింది.

త్రికోణం మాత్రం అలాగే ఉంది. డిజైన్‌లో తప్పేమీ లేదు మరి. అందరికీ ఇట్టే గుర్తుండిపోయేలా చేశారు కాబట్టే, దాని పేరుతో జరిగిన మంచీ చెడూ రెండూ జనానికి అలాగే గుర్తుండిపోయాయి.

ఈసారి ఆ గుర్తు కనిపిస్తే, ఇంట్లో పెద్దవాళ్లని అప్పటి రోజుల గురించి ఒకసారి అడిగి చూడండి.