విద్వత్పరీక్షయు ప్రజాతీర్పును

పరిశోధన వ్యాసము ప్రకటనయోగ్యమా కాదా యని నిర్ణయించుటకు ఆ శాస్త్రమునందే కృషి చేసిన పండితుల యభిప్రాయమును కోరుట నేడు సర్వసామాన్యమైన పద్ధతి. దీనిని మేమిచట ‘విద్వత్పరీక్ష’ యని వ్యవహరింతుము. ఇది బహుపురాతనమని పలువురు తలంతురు. చరిత్ర యట్లు చెప్పుట లేదు. 1665లో లండనునందు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రికను ప్రారంభించిన హెన్రీ ఓల్డెన్‌బర్గు ప్రధానముగా స్వీయవివేచనతోడనే వ్యాసములను గ్రహించెను. ‘నేచర్’ పత్రిక బయటి పరీక్షకుల యభిప్రాయమును నియమముగా చేసినది 1973లో మాత్రమే. కావున దీనికి ప్రత్యామ్నాయముల నన్వేషించుట అపచారము కాదు.

పరీక్షకుడు వ్యాసకర్తకు సమానుడై యుండవలెనందురు. ఆ సమానులెవరు? విషయము సందిగ్ధమై, నష్టభయము అధికమై, నిర్ణయము త్వరగా చేయవలసినపుడు, ఆ ఫలమును అనుభవించువారు కూడ పరీక్షకులలో నుండవలెనని 1993లో ఫుంటోవిచ్, రావెట్జ్ అను పండితులు ప్రతిపాదించిరి. ఈ సిద్ధాంతమునకు సమీపమైన ఆచరణ జహీరాబాదు చెంతనే కానవచ్చును.

2001 జూన్ 25 మొదలు జూలై 1 వరకు, నాటి మెదక్ జిల్లాలోని అల్గోల్ గ్రామమున ‘ప్రజాతీర్పు’ అను సభ జరిగెను. రాష్ట్రమునందలి జీవవైవిధ్య పరిరక్షణ కూటమి, హైదరాబాదు విశ్వవిద్యాలయము, బ్రిటనులోని రెండు పరిశోధన సంస్థలు దీనిలో పాల్గొనెను. తీర్పరులలో అధికులు చిన్న, సన్నకారు రైతులు. మూడింట రెండు వంతులకు మించి స్త్రీలు. వారి యెదుట మూడు మార్గములు ఉంచబడెను: రాష్ట్రప్రభుత్వపు ‘విజన్ 2020’, ఎగుమతికై సేంద్రియ వ్యవసాయము, స్థానిక స్వావలంబనము. ఆ మార్గములు దృశ్యచిత్రములుగా ప్రదర్శింపబడెను. అధికారులు, శాస్త్రజ్ఞులు మున్నగువారు సాక్షులై వచ్చి రైతుల ప్రశ్నలకు ప్రత్యుత్తరము లిచ్చిరి. వ్యవహారము న్యాయముగా సాగుచున్నదో లేదో కనిపెట్టుటకు వేరొక పర్యవేక్షక సంఘము కూర్చుండెను.

ఇచ్చిన మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనుటతో తీర్పరులు తృప్తి చెందక, తమ దృష్టిని తామే రూపొందించిరి. భూమిపై ఆధారపడువారిని నూటికి 70 నుండి 40కి తగ్గించుటను, జన్యుమార్పిడి పంటలను, కాంట్రాక్టు వ్యవసాయమును నిరాకరించిరి. వనరులపై గ్రామములకే అధికారము కోరిరి. విద్వత్పరీక్షయందు పరీక్షకుడు సాధారణముగా గుప్తనాముడు. ఇచట ప్రశ్నయు ప్రత్యుత్తరమును బహిరంగములు. పరీక్షకుడు ఇచ్చిన ప్రశ్ననే మార్చగలుగుట ఇందలి మరియొక విశేషము.

ఆక్షేపణలు రాకపోలేదు. 2002లో నివేదిక వెలువడిన పిమ్మట, తీర్పరుల ప్రాతినిధ్యమును, సాక్ష్యముల సమతూకమును బ్రిటిషు ప్రభుత్వపు అభివృద్ధి సహాయశాఖ విమర్శించెను. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. తీర్పరులను ఎన్నువాని పక్షపాతము తీర్పునంటుట సంభవమే. కాని ఈ దోషము విద్వత్పరీక్షకును సమానమే. అచట పరీక్షకులను ఎన్నుకొను సంపాదకునిపై పర్యవేక్షక సంఘము సామాన్యముగా ఉండదు.

‘ప్రజాతీర్పు’ అను మాటయందు తత్సమము తెలుగు పదముతో కూడినది. వైయాకరణులు దీనిని వైరిసమాస మనవచ్చును. ఐనను వ్యవహారమున అది నిలిచినది. పండితుడును పామరుడును ఒక పరీక్షాసభలో కూడుట యిట్టిదే. జానపద గేయములను సేకరించు మన శాఖలకు ఇందొక పాఠము కలదు. పాడిన స్త్రీ చెప్పిన అర్థమును మనము సరిగా గ్రహించితిమా లేదా యను విషయమున ఆమెకంటె తగిన పరీక్షకులెవరు? ఛందస్సును, పాఠభేదములను పండితులు పరీక్షింతురు గాక. అర్థమును గూర్చిన అధ్యాయమును ప్రకటనకు ముందు ఆమెకు చదివి వినిపించి, ఆమె యభిప్రాయమును వ్యాసముతోపాటు ముద్రించుట యుక్తమని మా యభిప్రాయము.