కూచిపూడి మేళంలో పాత్రల పంపకం: అంతర్జాల పాత్రధారణ క్రీడలతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పలువురు కలిసి ఆడే పాత్రధారణ క్రీడల్లో ఒకే పనిలో ఆరితేరిన వేషానికీ, అన్ని పనులూ చేయగల వేషానికీ నడుమ సమతౌల్యం కుదర్చడం కష్టం. కృష్ణా తీరంలోని కూచిపూడి మేళం ఇదే చిక్కును తనదైన పద్ధతిలో పరిష్కరించుకున్నది. భామాకలాపంలోని సత్యభామ, సూత్రధారి పాత్రల ఆధారంగా ఆ పద్ధతిని వివరించి, ఇరవయ్యో శతాబ్దంలో అది సడలిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కూచిపూడి, భామాకలాపం, సూత్రధారి, స్త్రీవేషం, పాత్రధారణ క్రీడలు.

1. ఉపోద్ఘాతం

విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. అక్కడి నుంచి బందరు దారిన పామర్రు దాకా వెళ్లి, చల్లపల్లి వైపు మళ్లితే కూచిపూడి వస్తుంది. నగరంలోని యువత కంప్యూటర్ తెర మీద ధరించే వేషాలకూ, ఆ గ్రామంలోని కళాకారులు రంగస్థలం మీద ధరించిన వేషాలకూ పోలిక వెదకడం వింతగా తోచవచ్చు. అయితే రెండు చోట్లా బృందం చిన్నది, పనులు అనేకం. ఎవరు ఏ వేషం వేయాలి, ఎవరి విలువ ఎంత అన్న ప్రశ్నలు రెండింటికీ సమానమే.

2. క్రీడల్లో సమస్య

1974లో వెలువడిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అనే మూడు వర్గాలుండేవి. తరువాతి అంతర్జాల క్రీడలు ఈ విభజనను ఒక్కొక్కటి ఒక్కో రీతిగా స్వీకరించాయి. 1997నాటి 'అల్టిమా ఆన్‌లైన్' వర్గాలను పూర్తిగా తొలగించింది. ఆటగాడు తనకు నచ్చిన నైపుణ్యాలను కలుపుకోవచ్చు గాని, వాటి మొత్తం 700 పాయింట్లు దాటరాదు. 1999నాటి 'ఎవర్‌క్వెస్ట్'లో వర్గం ఒకసారి ఎంచుకుంటే అదే స్థిరం. గాయాలు మాన్పే క్లెరిక్ లేనిదే గుంపు ముందుకు సాగడం కష్టమయ్యేది. 2002నాటి 'ఫైనల్ ఫాంటసీ 11' ప్రధాన వృత్తికి తోడుగా ఉపవృత్తిని అనుమతించినా, దాని స్థాయిని ప్రధాన వృత్తిలో సగానికే పరిమితం చేసింది.

2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లోని డ్రూయిడ్ రూపాలు మార్చి దెబ్బలు కాచుకోగలదు, కొట్టగలదు, గాయాలు మాన్పగలదు. అయినా తొలినాళ్ల పెద్ద దాడుల్లో దానికి ఎక్కువగా దక్కింది వైద్యుని పనే. 2009లో ప్రతి ఆటగాడూ రెండు నైపుణ్య విభాగాలు ఉంచుకొని మార్చుకొనే వీలు కల్పించారు. ఈ చరిత్ర అంతటా ఒకటే సందిగ్ధం కనిపిస్తుంది. సర్వవిద్యలూ తెలిసినవాడు నిపుణునికి సాటివస్తే నిపుణునికి చోటుండదు; సాటిరాకపోతే అతణ్ణి ఎవరూ పిలవరు.

3. మేళం చూపిన మార్గం

భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి రచించి, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి బాలుడూ జీవితంలో ఒకసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. నియమం అందరిదీ, ఆ పాత్రలో రాణించేవారు మాత్రం కొందరే. తెర మీదుగా జడ వేసి చేసే ప్రవేశం, దరువులు, లేఖ, విరహాభినయం ఏళ్ల తరబడి సాధనను కోరతాయి. ఆ వేషానికే జీవితాన్ని అంకితం చేసి ఖ్యాతి గడించిన కళాకారుడు వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012).

సూత్రధారి స్థితి ఇందుకు భిన్నం. అతడు తాళం పట్టి నట్టువాంగం చేస్తాడు, పాడతాడు, కథ నడుపుతాడు. సత్యభామ ఎదుట మాధవి అవుతాడు, కృష్ణుని ఎదుట మాధవుడవుతాడు. అందుకు ఆహార్యం మార్చుకోనక్కరలేదు. వేంకటరామ నాట్యమండలిని నడిపిన చింతా కృష్ణమూర్తి ఇటువంటి సూత్రధారిగా పేరుపొందారు.

గమనించవలసిన అంశం ఏమంటే, మాధవి అభినయంలో సత్యభామతో పోటీపడదు. భర్త పేరు చెప్పమని నిలదీస్తుంది. లేఖ చేరవేయడానికి ముక్కెర అడుగుతుంది. ఆ ప్రశ్నల వల్లనే సత్యభామ సిగ్గుకూ, గర్వానికీ, దైన్యానికీ సందర్భం ఏర్పడుతుంది. క్రీడా రూపకర్తలు శక్తిని అంకెల్లో కొలిచి సర్దారు. మేళం ఇద్దరి శక్తినీ ఒకే కొలతతో కొలవలేదు. ఒకరు లేనిదే మరొకరి పని సాగని విధంగా పాత్రలను అల్లింది. అందరూ ఒకసారి సత్యభామ కావాలన్న నియమం వల్ల ఎదుటివారి పని ఎంత కష్టమో ప్రతివారికీ తెలిసేది.

4. సడలిన సమతౌల్యం

ఈ ఏర్పాటుకు మూల్యం ఉన్నది. మేళంలో స్త్రీలకు ప్రవేశం లేదు. ఇతర కులాలవారికీ లేదు. గోదావరి ప్రాంతంలో కళావంతుల స్త్రీలు భామాకలాపాన్ని ప్రదర్శించినా, వారి పేర్లకు కూచిపూడి చరిత్రలో తగిన చోటు దక్కలేదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పి ఏకపాత్ర నృత్యానికి బాట వేశారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక ఎందరో స్త్రీలు ఈ కళలోకి వచ్చారు. ఇది న్యాయమైన మార్పు.

అయితే ఏకపాత్ర ప్రదర్శనలో సత్యభామ మిగిలింది గాని మాధవి మిగలలేదు. నట్టువాంగం చేసేవారు రంగం పక్కన కూర్చున్నారు. ప్రశ్నించే గొంతు పోయి, జవాబు ఒక్కటే నిలిచింది. స్త్రీవేషం అంతరిస్తున్నదన్న విచారం తరచు వినిపిస్తుంది. సూత్రధారి పక్కకు తప్పుకోవడం గురించి అంతగా వినిపించదు.

5. ముగింపు

నిపుణునికీ బహుముఖునికీ సమాన బలం ఇవ్వడం సమతౌల్యం కాదనీ, పరస్పర అవసరాన్ని కల్పించడమే సమతౌల్యమనీ భామాకలాపం చూపుతుంది. నేడు కూచిపూడి నేర్చుకొనేవారిలో కులభేదం, లింగభేదం లేకుండా ప్రతివారి చేతా ఒకసారి సత్యభామను, ఒకసారి మాధవిని కట్టించడం సాధ్యమే. సిద్ధేంద్రుని పేరిట వచ్చిన నియమంలోని మేలును, అందులోని వెలివేతను విడిచిపెట్టి, నిలుపుకొనే మార్గం అదే.