జెంటూ: మనకున్న ఒక పాత ఇంగ్లీషు పేరు

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఈస్టిండియా కంపెనీ నాటి కాగితాలు చదవడం మొదలుపెట్టిన విద్యార్థులు మా దగ్గరకు తరచు తెచ్చే సందేహం ఒకటుంది. "మలబారు వాళ్లు కనిపిస్తున్నారు, జెంటూలు కనిపిస్తున్నారు. మదరాసులో తెలుగువాళ్లే లేరా మాస్టారూ?" అని. ఉన్నారు. ఆ జెంటూలు తెలుగువాళ్లే. అక్కడ మలబారు అన్నది చాలాచోట్ల తమిళులకూ తమిళానికీ పేరు. ఈ అర్థాలు ఇంగ్లీషులో ఏనాడో వాడుక తప్పాయి.

మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో 'గెన్స్' అంటే వంశం. దాని నుంచి వచ్చిన 'గెంటిలిస్' మొదట వంశానికి చెందినవాడు అనే అర్థంలో ఉండి, తరువాత చర్చి భాషలో క్రైస్తవేతరుడు అనే అర్థం తెచ్చుకొంది. పోర్చుగీసులో అది 'జెంతియు' అయింది. గోవాకు వచ్చిన పోర్చుగీసువారు ఇక్కడి ముస్లిములను మూర్లనీ, హిందువులను జెంతియులనీ అన్నారు. ఆ మాటే ఇంగ్లీషువారి నోట జెంటూ అయింది. ఫ్రెంచి దారిన వెళ్లిన అదే లాటిన్ మాట 'కులీనుడు' అనే అర్థంతో ఇంగ్లీషు చేరింది. జెంటిల్మన్‌లోని జెంటిల్ అదే. కనుక జెంటిల్మనూ జెంటూ దాయాదులు.

హిందువులందరికీ చెందిన పేరు తెలుగువారికి ఎందుకు స్థిరపడింది? 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో యూల్, బర్నెల్‌లు ఒక కారణం ఊహించారు. పోర్చుగీసువారు వచ్చేనాటికి దక్షిణాదిలో ఎక్కువ భాగం విజయనగర ప్రభువుల ఏలుబడిలో ఉండడమే అది. ఈ ఊహ మాకు సమంజసంగానే తోస్తుంది. 1639లో కంపెనీకి మదరాసులో చోటిచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు కూడా విజయనగర రాజుల సామంతుడే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. హాల్‌హెడ్ 1776లో ప్రకటించిన 'జెంటూ చట్టాల' గ్రంథంలో తెలుగు ప్రసక్తి వెతికితే పొరపాటే. అది వంగదేశంలో తయారయిన హిందూ ధర్మశాస్త్ర సంకలనం. అక్కడ జెంటూ అంటే హిందువు, మదరాసులో తెలుగు. కాబట్టి కాగితం ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో రాసిందో చూడకుండా ఈ మాటకు అర్థం చెప్పరాదు.

పేరు మారిన తీరు వ్యాకరణ గ్రంథాల అట్టల మీదే కనిపిస్తుంది. 1816లో మదరాసులో అచ్చయిన కాంప్‌బెల్ వ్యాకరణం తన భాషను తెలుగు అంటూనే, సామాన్యంగా జెంటూ అనబడేది అని వివరణ చేర్చింది. మరుసటి ఏడాది విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ పేరుతోనే వచ్చింది. సి.పి. బ్రౌన్ 1840 నాటి వ్యాకరణానికీ, 1852 నాటి నిఘంటువుకూ తెలుగు అనే పేరే పెట్టారు. కాంప్‌బెల్ గ్రంథ పీఠికకు ఎల్లిస్ రాసిన వివరణలోనే తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందిందని నిరూపణ ఉంది. కాల్డ్‌వెల్ గ్రంథానికి అది 40 ఏళ్లు ముందు. మన భాష తన పేరునూ బంధువులనూ ఇంగ్లీషు పుస్తకాల్లో దాదాపు ఒకేసారి తిరిగి పొందిందన్నమాట.

పరాయివారు పెట్టిన పేరని చిన్నబుచ్చుకోనక్కరలేదు. పోర్చుగీసువారిని మనమూ బుడతకీచులు అన్నాం గదా! కాని ఆ పేరును గుర్తుపట్టకపోతే నష్టం మనదే. ఈ నగరంలో మన పూర్వుల బతుకు చాలామటుకు ఆ పేరు కిందే నమోదయింది. తెలుగు అన్న మాట కోసం మాత్రమే వెతికే విద్యార్థి వారి పక్కనుంచే నడిచిపోతాడు.