ధవళేశ్వరం గేట్లు, పులస దారి: గోదావరి దిగువ ప్రవాహాలపై ఒక పరిశీలన

గోదావరికి ఎర్రనీరు తగలగానే సముద్రం నుంచి పులస ఏటికెదురీదడం మొదలుపెడుతుంది. వశిష్ఠ పాయలోకి అంతర్వేది దగ్గర, గౌతమి పాయలోకి యానాం వైపు నుంచి ప్రవేశించి, గుడ్లు పెట్టడానికి మంచినీటిలోకి సాగుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. అంత గిరాకీ ఉన్న చేపకు సాగునీటి లెక్కల్లో మాత్రం చోటు లేదు.

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్టలు చేపల దారిని మూసేస్తున్నాయని మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి నివేదించాడు. పాత కట్టడం స్థానంలో 1982 నాటికి వచ్చిన బ్యారేజీకి 175 గేట్లున్నాయి. నిల్వ సామర్థ్యం మాత్రం 2.93 టీఎంసీలే. అంటే వరదను ఆపుకునే శక్తి దానికి లేదు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసే రోజున దిగువకు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పోతాయి. వరద తగ్గాక గేట్లు దించేస్తారు. చేపకు అసలు చిక్కు ఈ రెంటి నడుమ రోజుల్లో వస్తుంది. గేటును కొద్దిగా ఎత్తినప్పుడు అడుగు సందులోంచి నీరు దూసుకొస్తుంది. ఆ వేగానికి ఎదురీదడం కష్టం. పైనుంచి దూకి దాటడానికి పులస సాల్మన్ కాదు.

పోలవరం స్పిల్‌వేలో ఫిష్ ల్యాడర్ కట్టారు. మంచిదే. కానీ పోలవరం ధవళేశ్వరానికి 40 కిలోమీటర్లకు పైగా ఎగువన ఉంది. కింది గడప దాటలేని చేపకు పై మేడలో మెట్లు వేసి ఏం లాభం? దూకని చేపకు మెట్లకన్నా లాకు నయం. ఒక గదిలోకి రానిచ్చి, దిగువ తలుపు మూసి, నీటిని ఎగువ మట్టానికి నింపి, పై తలుపు తీయడం. కాలువల మీద పడవల్ని దాటించిన డెల్టాకు ఈ పద్ధతి కొత్త కాదు. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు అలహాబాదు దాకా వెళ్లిన ఇదే జాతి చేప ఎగువన దాదాపు కనుమరుగైంది. అక్కడ కొత్త నౌకా లాకును చేపల రాకపోకలకూ వీలుగా నడుపుతామని 2019లో ప్రకటించారు.

వానాకాలంలో చేపకు దారి ఇచ్చినందుకు రైతు కోల్పోయేది దాదాపు ఏమీ ఉండదు. ఆ నీరు ఎలాగూ కడలికే పోతుంది. దాన్ని ‘వృథా’ అని రాసుకోవడం మన అలవాటు. మార్చాల్సింది నీటి పరిమాణం కాదు, వదిలే తీరు.

వేసవి సంగతి వేరు. దాళ్వా (రబీ వరి) చాలావరకు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీటిమీద నడుస్తుంది. అప్పుడు గేట్ల కింద పాయల్లోకి పోటుతో ఉప్పునీరు ఎగదన్నుతుంది. కోనసీమ చివరి ఊళ్లకు తాగునీటి కటకట, వేటగాళ్లకు ఖాళీ వలలు. ఇక్కడ దిగువకు వదిలే ప్రతి క్యూసెక్కూ ఏదో ఒక శివారు ఆయకట్టు నుంచి తీయాల్సిందే. గంగ ఎగువ భాగానికి 2018లో కేంద్రం నెలసరి సగటు ప్రవాహంలో నవంబరు–మార్చిలో 20 శాతం, ఏప్రిల్, మే, అక్టోబరుల్లో 25 శాతం, జూన్–సెప్టెంబరులో 30 శాతం వదలాలని నిర్దేశించింది. ఆ శాతాల్ని గోదావరికి యథాతథంగా తెచ్చి అతికిస్తే దాళ్వా రైతు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ముందుగా కాలువలు కట్టేసే వేసవి వారాల్లో, తాగునీటి చెరువులు నింపగా మిగిలే నీటిని రెండు పాయలకూ వంతులవారీగా వదిలి, ఉప్పు ఎంత దూరం వెనక్కి తగ్గుతుందో యానాం, అంతర్వేది వైపు కొలవవచ్చు. ఆ కొలతలు చేతికొచ్చాక శాతాల గురించి రైతులతో, మత్స్యకారులతో మాట్లాడవచ్చు.