చిలుమురాయి చరిత్ర

మార్కాపురమనగానే తెలుగువారికి పలక జ్ఞప్తికి వచ్చును. ఆ పలకనే పిల్లల చేతికిచ్చి మూడు పదుల యేండ్లు అక్షరములు దిద్దించినవాడను నేను. ఆ నల్లరాతికి ఒక పచ్చని చుట్టము కలదు. దానిని గూర్చియే నేటి నా ప్రసంగము.

మార్కాపురము, గిద్దలూరు సీమల పలకరాతి పొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు కంభము పేరు పెట్టిరి. ఈశాన్యమున వినుకొండ సీమలోని అగ్నిగుండాల యొద్ద ఈ పొరలలోనే రాగి ఖనిజము కలదు. అట్టి ఖనిజమునకు గాలియు నీరును సోకినచో పైభాగము పచ్చబారును. తోమని రాగిచెంబునకు పట్టు చిలుమును మీరెరుగుదురు గదా! ఇంచుమించు ఆ జాతి పదార్థమే భూమిలో రాయియై, ఒక్కొక్కచో సూదులవంటి స్ఫటికములై యేర్పడును. దానికి మాలకైటు అని పేరు.

సామర్లకోటలో కుంపినీవారి తోటను చూచిన జర్మను పండితుడు బెంజమిన్ హైన్, మైసూరు వైపున దొరకిన రాగిరాతి నొకదానిని సీమకు గొనిపోయెను. 1814లో టామస్ టామ్సన్ దానిని పరీక్షించి, మాలకైటునందువలె ఇందు నీరు లేదనియు, ఇది క్రొత్త జాతి యనియు ప్రకటించెను. పిమ్మట దానికి మైసోరిన్ అను పేరు వచ్చెను.

1879లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన మాలెట్, నెల్లూరు జిల్లా రాతిని పరీక్షించి, అది వేరు జాతి కాదనియు, అన్యపదార్థములు కలిసిన మాలకైటే యనియు తేల్చెను. నాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి సీమలు 1970లో ప్రకాశము జిల్లాలో చేరినవి.

అరువదియైదేండ్ల యీ వాదము తీరుటకు రెండవ రాయి కావలసివచ్చెను. అది ఏ సీమదో తెలియవలసివచ్చెను. శాసనము దొరకిన యూరు తెలియనిచో చరిత్రకారుడు సగము గ్రుడ్డివాడు. రాతి విషయమును అంతియే. ప్రదర్శనశాల గాజుపెట్టెలో ఎంత పచ్చగా మెరసినను, ఊరిపేరు లేని రాయి అలంకారమే గాని సాక్ష్యము గాదు. పూర్వము గనులు త్రవ్విన కూలీల పేర్లు మనకు దక్కలేదు. వారి శ్రమకు మిగిలిన గురుతు ఆ యూరిపేరొక్కటే.

కావున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల ఉపాధ్యాయులకు నా మనవి. కొండకు బోయిన పిల్లవాడు పచ్చరాతిని దెచ్చినచో పారవేయింపకుడు. ఏ యూరిదో, ఏ వాగు గట్టుదో, ఏ దినమున దొరకెనో అడిగి, చీటీమీద వ్రాసి, దానితోగూడ బడి బీరువాలో నుంచుడు.