ప్రభువుగారి రైలూ, మన రైలూ

బ్రహ్మంగారిమఠంలో ఆరాధన రోజుల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఎద్దులు లేని బండ్లు వస్తాయని స్వామి ఏనాడో చెప్పాడు, అందుకే రైలు వచ్చింది అనేది మొదటిది. ఆ మాట చెప్పేవారు సామాన్య భక్తులు. తెల్లవాడు రాకపోతే మనకు రైలెక్కడిది అనేది రెండవది. దీన్ని చెప్పేవారు చదువుకున్నవారు. నేను ప్రొద్దుటూరులో చరిత్ర పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ రెండవ ప్రశ్న ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే వుండేవాడు. మొదటి మాట అమాయకమైన విశ్వాసం. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండవది మాత్రం చరిత్ర పేరుతో చెలామణీ అవుతున్న విశ్వాసం. కాబట్టి దాన్నే పరీక్షించాలి.

ఇందుకు నేను ఒక ఆంగ్ల ప్రభువు జీవితాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను. ఆయన పేరు చార్లెస్ జాన్ కోల్విల్. మన కడప లైనుతో ఆయనకు సంబంధం వున్నదని నేను చెప్పటం లేదు. ఆయన మన శత్రువూ కాడు, మిత్రుడూ కాడు. ఒక వర్గం ఎట్లా బతికిందో తెలుసుకోవటానికి ఆయన మంచి నమూనా, అంతే.

కోల్విల్ 1818లో పుట్టాడు. తండ్రి సర్ చార్లెస్ కోల్విల్ సైన్యాధికారి. బొంబాయి సైన్యానికి అధిపతిగా, తర్వాత మారిషస్ గవర్నరుగా పనిచేశాడు. కోరంగి రేవులో ఓడలెక్కిన మన తెలుగు కూలీలు ఆ తర్వాతి ఏళ్లలో చేరుకున్న ద్వీపం అదే. కొడుకు అశ్వికదళంలో కెప్టెన్ అయ్యాడు. 1849లో పెదతండ్రి నుంచి స్కాట్లండుకు చెందిన పాత బిరుదు సంక్రమించి ‘లార్డ్’ అయ్యాడు. 1851 నుంచి ప్రభువుల సభలో కూర్చున్నాడు. కన్సర్వేటివులు అధికారంలోకి వచ్చినప్పుడల్లా ఆయనకు రాణిగారి కొలువులో ఉద్యోగం దొరికేది: 1852లోనూ, 1858-59లోనూ గుర్రపుశాలల అధికారి, 1866 నుంచి 1868 దాకా రాచవేట కుక్కల దండుకు అధిపతి. 1873 నుంచి యువరాణి అలెగ్జాండ్రాకు గృహ వ్యవహారాల పెద్ద. ఆమె రాణి అయిన తర్వాత కూడా, 1903లో తాను చనిపోయేదాకా, ఆ కొలువును వదలలేదు. 1902లో వైకౌంట్ బిరుదు కూడా వచ్చింది.

ఇటువంటి మనిషి 1880 నుంచి 1895 దాకా గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీకి అధ్యక్షుడు! లండనులో కింగ్స్ క్రాస్ స్టేషను ఆ కంపెనీదే. 1888లో లండను నుంచి ఎడింబరోకు ఎవరి బండి ముందు చేరుతుందా అని తూర్పు తీరపు కంపెనీలూ, పడమటి తీరపు కంపెనీలూ పందెం వేసుకుని బండ్లు పరుగెత్తించాయి. ప్రయాణం 8 గంటల లోపుకు దిగింది. అప్పుడు గ్రేట్ నార్తర్న్ కుర్చీలో వున్నది ఈ కోల్విలే. ఆయన అసమర్థుడని అనటం నా ఉద్దేశం కాదు. గమనించవలసింది వేరు. భూమి మీద బతికిన ప్రభువర్గం, యంత్రయుగం రాగానే అంతరించిపోలేదు. కంపెనీ బోర్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నది. పెట్టుబడిదారుకు బిరుదు కావాలి, బిరుదుదారుకు పెట్టుబడి కావాలి. దర్బారూ, డివిడెండూ వియ్యమందుకున్నాయి.

అయితే కోల్విల్ కంపెనీ ఇంగ్లండులో పోటీపడి సంపాదించుకోవాలి. బండ్లు నడవకపోతే వాటాదారుకు లాభం లేదు. ఇక మన జిల్లాలో పట్టాలు వేసిన మద్రాసు రైల్వే కంపెనీ సంగతి చూడండి. దాని బోర్డు కూడా లండనులోనే. 1852 నాటి ఒప్పందం ప్రకారం మదుపు మీద వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. రాబడి చాలకపోతే లోటును భారత ఖజానా, అంటే శిస్తు కట్టిన రైతు, పూడ్చాలి. భూమి ఉచితం. మిగులు వస్తే అందులో సగం కంపెనీది. నష్టం మనది, లాభం వారిది! ఈ హామీ పొందిన మదుపుదారుకు తన డబ్బును హుగ్లీ నదిలో పారబోసినా, ఇటుకలుగా మార్చినా ఒకటేనని, వైస్రాయి కొలువులో ఆర్థిక సభ్యుడుగా పనిచేసిన మాసే 1872లో పార్లమెంటు విచారణలో ఒప్పుకున్నాడు. అది మనవాళ్ల ఆరోపణ కాదు, వారి సొంత సాక్ష్యం.

1856లో రాయపురం నుంచి బయలుదేరిన ఆ కంపెనీ, 1860ల్లో కడప జిల్లాలో ప్రవేశించి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. మద్రాసునూ బొంబాయినీ కలపటమే దాని ధ్యేయం. కాబట్టి పట్టాలు ఎర్రగుంట్ల మీదుగా సాగిపోయాయి. పెన్నకు అవతల నేతగాళ్ల వూళ్లైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్కనే మిగిలిపోయాయి. నల్లరేగడి పత్తి రేవుకు పోవటానికీ, సీమగుడ్డ లోపలికి రావటానికీ ఎర్రగుంట్ల చాలునన్నమాట.

రైలు కరువును ఆపింది గదా అంటారు. 1876-78 నాటి ధాత కరువులో రైలు కడపకు ధాన్యం మోసిన మాట నిజమే. దాన్ని కాదనటం చరిత్రకు ద్రోహం. కాని ధాన్యం వచ్చింది, కొనే శక్తి రాలేదు. సహాయపు పనుల్లో కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు పౌను ధాన్యం లెక్కకు కుదించాడు. ఆ ఏళ్లలో దేశం నుంచి గోధుమ ఎగుమతి ఆగలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. అప్పటికి మన సీమలో జనం వూళ్లు వదిలిపోతున్నారు. రైలు కరువును ఆపలేదు, పంచనూలేదు. అది ఎవరి చేతిలో వున్నదో వారి పని చేసింది.

అయితే రైలు చెడ్డది, కాలువ మంచిది అనే తీర్మానం కూడా తొందరపాటే. సర్ ఆర్థర్ కాటన్ రైళ్ల కంటే నీటిదారులే మేలని జీవితాంతం వాదించాడు. సుంకేసుల నుంచి కడపకు వచ్చే కర్నూలు-కడప కాలువ ఆ ఆలోచన ఫలమే. కాని దాన్ని తవ్విందీ లండను కంపెనీయే. పది లక్షల పౌన్ల మీద నూటికి 5 వంతుల హామీ! చివరకు 1882లో ప్రభుత్వం కొనవలసి వచ్చింది. అంటే ప్రశ్న ఇనుమా, నీరా అన్నది కాదు. లెక్క ఎవరు రాస్తున్నారు, ఎవరికి చూపుతున్నారు అన్నది.

ఆ ప్రశ్న ఆనాడే వేసినవారు మనలో వున్నారు. 1883లో నిజాం రైల్వేను ఇటువంటి హామీ మీదనే లండను కంపెనీకి అప్పగించే చాందా పథకం బయలుదేరింది. వివరాలు ప్రజలకు చెప్పండి అని హైదరాబాదులో అఘోరనాథ చట్టోపాధ్యాయ, ఆయన మిత్రులు అడిగారు. ఫలితం? అఘోరనాథుణ్ణి రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. తర్వాత రానిచ్చారనుకోండి, పథకం మాత్రం నెరవేరింది. రైలును కోరినవారే రైలు లెక్కను కూడా కోరారని ఈ ఘటన చెబుతుంది. విద్యార్థులు ముందు తెలుసుకోవలసింది ఇదే.

మద్రాసు కంపెనీ ఒప్పందం 1907తో ముగిసింది. తర్వాతి కంపెనీ నుంచి 1944లో ప్రభుత్వం లైను తీసుకున్నది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది. మరి ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ బండి ఎప్పుడు వచ్చింది? ఎర్రగుంట్ల-నంద్యాల లైను పూర్తి అయిన 2016లో! మా తాత ఎర్రగుంట్లకు ఎద్దులబండి కట్టించుకుని పోయి రైలెక్కేవాడు. ఆయన మనుమడు తన వూళ్లో రైలెక్కటానికి తల నెరిసిపోయింది. ఇందులో సగం కాలం పరాయి కంపెనీలది. మిగతా సగం దాదాపు మనదే. ఈ భాగాన్ని ప్రభువుల ఖాతాలో వేసి చేతులు దులుపుకోలేము. కంపెనీ పోయి సర్కారు వచ్చినంత మాత్రాన లెక్క ప్రజల చేతికి రాదు; అడిగేవాళ్లు వుంటేనే వస్తుంది.

కాబట్టి తెల్లవాడు రాకపోతే రైలెక్కడిది అని అడిగే విద్యార్థికి నా జవాబు ఇది: నాయనా, రైలును ఏ ప్రభువూ దానం చెయ్యలేదు, ఏ జ్ఞానీ దింపలేదు. కట్ట పోసినవాడు కూలి, వడ్డీ కట్టినవాడు రైతు. టిక్కెట్టు మనం ముందే కొన్నాము. బండే ఆలస్యంగా వచ్చింది.