చివరి ఇల్లు

గద్వాలలో మేమున్న ఇల్లు సందులో ఆఖరిది. పాలవాడు మాదాకా వచ్చేసరికి పాలు పలచబడేవి, కుళాయి నీళ్ళు బిందె నిండకముందే ఆగిపోయేవి. కేబులు టి.వి. కూడా అంతేనని 1997లో తెలిసింది. సందు మొదట్లో వాళ్ళింట్లో ఈటీవీ అద్దంలా కనిపించేది. మా ఇంట్లో అదే సీరియల్లో కథానాయిక ఏడుస్తోందో నవ్వుతోందో తెలిసేది కాదు. తెరనిండా చీమలు! నెలనెలా డబ్బు మాత్రం అందరితో సమానంగానే కట్టేవాళ్ళం.

కేబులు ముచ్చట తొలినాళ్ళలో ఓ ఇల్లాలి కోరిక ఉందంటే మీరు నమ్మరు. అమెరికాలో ఆస్టోరియా అనే ఊళ్ళో ఎడ్ పార్సన్స్ అని ఒకాయన రేడియో స్టేషను నడిపేవాడు. భార్య గ్రేస్ టి.వి. కావాలంది. 1948లో 200 కిలోమీటర్ల దూరాన సియాటిల్లో స్టేషను రాగానే, ఆయన ఓ ఎత్తయిన హోటలు మేడమీద యాంటెన్నా కట్టి, తీగ లాగి, ఇంటికి బొమ్మ తెప్పించాడు. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? వాళ్ళకూ తీగలు లాగక తప్పలేదు.

మనవైపు మాత్రం టి.వి. ముందు ఆకాశం నుంచే దిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళగూటికి కొట్టే వలతో చేసిన పదడుగుల గొడుగే యాంటెన్నా. ఏ పల్లె గొడుగు ఆ పల్లెదే. తీగ వచ్చాకే మొదలూ చివరా వచ్చాయి.

మా పోరు పడలేక కేబులు కుర్రాడు బూస్టరు పెంచేవాడు. మాకు చీమలు కాస్త తగ్గేవి. మొదటి ఇళ్ళలో బొమ్మమీద ఏటవాలు గీతలు పడేవి. వాళ్ళు గొడవ చేస్తే మళ్ళీ తగ్గించేవాడు. ఇలా మూడు నెలలు.

చివరికి వనపర్తి రాజావారి భవనంలో పెట్టిన పాలిటెక్నిక్‌లో చదువుకున్న ఒకాయన మీటరు పట్టుకొచ్చాడు. టి.వి. దగ్గర సిగ్నలు 60కీ 80కీ మధ్య ఉండాలట. లెక్క డెసిబెల్సులో. 60 అంటే ఒక్క మిల్లీవోల్టు, వోల్టులో వెయ్యో వంతు. ఇంత చిన్నదానికా ఇంత రభస అనుకున్నాను. మొదటి ఇంట్లో 86 ఉంది. మాకు కింది చానళ్ళకు 57, పై చానళ్ళకు 48. 48 అంటే కాస్తే తక్కువ అనుకునేరు, 60లో నాలుగో వంతు బలమేనట! తీగ ఉత్త తిండిపోతు. పై చానళ్ళంటే దానికి మరీ ఇష్టం.

ఆయన బూస్టరు పెంచలేదు. ఇంటింటికీ పెట్టిన టాపులు చూశాడు. అన్నీ ఒకే రకం. మొదటి ఇళ్ళకు బాగా కోత పెట్టేవి, చివరికి పోనుపోను తక్కువ కోతవి ఉండాలన్నాడు. అలాగే మార్చాడు. బూస్టరు ముందు ఈక్వలైజరనే చిన్న డబ్బీ బిగించాడు. అది కింది చానళ్ళను ముందే కాస్త అణుస్తుంది. దారిలో తీగ పైవాటిని తినేశాక అన్నీ సమమవుతాయి.

మా ఇంటి ఓనరు తాత అరుగుమీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

“గిది మా ఆర్డీఎస్ కాలువ లెక్కనే ఉన్నది గదమ్మా! ముందటోళ్ళ తూము పెద్దగుంటే ఎనకటోళ్ళకు నీళ్ళేడ అందుతయి?”

ఆయన చేను అలంపురం వైపు, కాలువ చివర. రాయచూరు జిల్లాలో రాజోలిబండ దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి తెచ్చిన ఆ కాలువకు మనవైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. కాగితం మీద లెండి! చివరి పొలాలకు నీరందడం లేదన్న మొర దశాబ్దాలనాటిది.

నేను టి.వి. చూసి సంబరపడుతుంటే తాత మీటరునే చూస్తూ, “గిసొంటిది కాలువకు లేదా బిడ్డా?” అని అడిగాడు. ఆయన జవాబు చెప్పలేదు.

తర్వాత మావారి బదిలీలతో వనపర్తి, అక్కణ్ణుంచి నాగర్‌కర్నూలు చేరాం. 2017లో చిన్న ఊళ్ళకూ సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరయ్యాయి. చీమలు పోయాయి. అవే నయం, సిగ్నలు తగ్గుతోందని ముందుగా చెప్పేవి. ఇప్పుడు అద్దంలాంటి బొమ్మ ఉన్నట్టుండి గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోతుంది. మొన్న వానకు అలాగే అయితే, కేబులు అబ్బాయి వచ్చి పెట్టె మార్చాలన్నాడు.

“ముందు మీటరు తీసుకురా నాయనా” అన్నాను.